కొత్తాయన మీద ఫిర్యాదు

ఆ ల్యాబులో అందరూ ఆమెను గొళ్ళెం మేడం అనేవారు. ఎదురుగా మేడం అనీ, వెనక గొళ్ళెం అనీ. ఆ సంగతి ఆమెకూ తెలుసు. కుర్చీలోంచి లేచి మంచినీళ్ళకి వెళ్ళినా కంప్యూటరుకి తాళం పడాల్సిందే. సొరుగుకి తాళం, ఆ తాళంచెవి ఉన్న డబ్బాకి ఇంకో తాళం. యాభై రెండేళ్ళ మనిషి. సన్నగా, నిటారుగా ఉంటుంది. ఎవరైనా "బాగున్నారా?" అని పలకరిస్తే, ఎందుకు అడుగుతున్నారా అని ఒక్క క్షణం ఆగి మరీ "ఆఁ" అనే రకం.

పుట్టుకతో వచ్చిన గుణం కాదది. ఇరవై రెండేళ్ళ కిందట రక్తపరీక్షల రిపోర్టులు టైపు చేయడానికి చేరింది. చేరిన ఏడాదిలోపే ఇద్దరు రోగుల రిపోర్టులు తారుమారయ్యాయి. తప్పు టైపిస్టుదే అన్నారు. వారం రోజులు ఆమెతో ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు. చివరికి గాజుగొట్టాలకి చీటీలు అంటించేవాడు ఒకదానిది ఇంకోదానికి అంటించాడని తేలింది. తేలాక ఎవరి పనిలో వాళ్ళు పడ్డారు. "పొరబాటున నిన్ను అన్నాం" అన్న మాట మాత్రం ఒక్క నోటి నుంచీ రాలేదు. అప్పటినుంచీ ఆమె ఎవరినీ నమ్మడం మానేసింది.

నమ్మకం పోయినా పని మీద శ్రద్ధ పెరిగింది. పుస్తకాలు ముందేసుకుని ప్రోగ్రాములు రాయడం తనంతట తనే నేర్చుకుంది. పన్నెండేళ్ళ కిందట ల్యాబుకి వెబ్ అప్లికేషన్ కట్టింది. రోగి ఇంట్లో కూర్చుని రసీదు నంబరు, పాస్‌వర్డు కొడితే రిపోర్టు కళ్ళముందు కనబడేది. దాన్ని కట్టింది ఆమే, చూసుకునేదీ ఆమే. నమూనాలు తీసుకునే గది వెనక, గుర్రుమనే ఫ్రిజ్ పక్కన, గాజు తలుపున్న చిన్న గదిలో ఆ సర్వరును కన్నబిడ్డలా కాపాడుకుంటూ వచ్చింది.

ఒక సోమవారం పెద్ద డాక్టరమ్మ పిలిచింది. ల్యాబు ఆవిడదే.

"మన సైటుకి ఏపీఐ పెట్టాలి. క్లినిక్కుల వాళ్ళు ఒకటే గొడవ. రిపోర్టు చూడాలంటే ప్రతిసారీ మన పేజీ తెరవాలి, నంబర్లు చూసి మళ్ళీ వాళ్ళ దాంట్లో ఎక్కించుకోవాలి. వాళ్ళ సాఫ్ట్‌వేరు అడిగితే మన సాఫ్ట్‌వేరే నేరుగా ఇచ్చేసేట్టు ఉండాలట."

"పెడతాను" అంది ఆమె.

"ఒక్కదానివే వద్దు. దీనికోసం ఒకాయన్ని తీసుకున్నాను. రేపట్నుంచి వస్తాడు."

ఆమె మనసు కీడు శంకించింది. కిటికీ పెట్టడానికని వచ్చినవాడు ఇల్లంతా చూసుకుని, రేపు ఇంటావిడనే గుమ్మం బయట నిలబెడతాడు. లోకం తీరే అంత.

వచ్చినాయనకి ముప్పై అయిదేళ్ళుంటాయి. గడ్డం నున్నగా గీసుకుని, మెత్తగా మాట్లాడతాడు. ఆ మెత్తదనమే ఆమెకి మొదట నచ్చలేదు. ల్యాబంతా అతన్ని కొత్తాయన అనడం మొదలుపెట్టింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు రోజూ అందరికంటే ముందే వచ్చి కూర్చునేవాడు. పోనీ వచ్చినవాడు పని చేసుకుంటాడా అంటే, ఒకటే ప్రశ్నలు.

"సర్వర్ పాస్‌వర్డు మీకు కాక ఇంకెవరికి తెలుసు మేడం?"

"ఎందుకు?"

"ఊరికే. ఈ ప్రింటు పేజీ ఎవరు రాశారు?"

"నేనే. అన్నీ నేనే."

"ఎప్పుడు?"

"చాలా కాలమైంది. దానికీ మీ ఏపీఐకీ ఏం సంబంధం?"

"ఏం లేదు" అని నవ్వేవాడు. ఏం లేనివాడు ఎందుకు నవ్వినట్టు?

మూడో రోజు ఆమె చేతులు కడుక్కుని వచ్చేసరికి, తెరిచి ఉన్న ఆమె తెరకేసి అతను ఫోను ఎత్తి పట్టుకుని ఉన్నాడు. అలికిడికి ఫోను జేబులోకి జారింది. పన్నెండేళ్ళలో తాళం వేయడం మరిచిపోయింది ఆ ఒక్క రోజే. ఆ ఒక్క రోజునే చూసుకున్నాడు!

ఆ సాయంత్రం ఇంట్లో భర్తతో చెప్పింది. ఆయన గడియారాలు బాగుచేస్తాడు. ఇంటి కిందే చిన్న కొట్టు. కంటికి భూతద్దం బిగించుకుని పళ్ళచక్రాలు చూస్తూ విన్నాడు.

"నా తెర ఫొటో తీశాడండీ."

"నీ తెర బాగుందేమో."

"వేళాకోళం కాదు. వాడు చాప కింద నీరు."

"నీకు ప్రతి చాప కిందా నీళ్ళేనే. ల్యాబులో ఆ చీటీల గొడవైన ఏడాది నా జేబులో చక్రం దొరికితే ఎవరిచ్చారని రెండు రోజులు అన్నం తినలేదు" అన్నాడు ఆయన.

ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

పని మాత్రం సాగింది. పాత ప్రాజెక్టులో ఒక్క వాక్యమైనా కదిలించనివ్వనని ఆమె పట్టుబట్టింది. అతను ఒప్పుకున్నాడు. పాత పేజీల పక్కనే ఏపీఐ కోసం వేరే ఫోల్డరు తెరిచారు. మనుషులు చూసే పేజీ అయితే ల్యాబు పేరు, గీతలు, రంగులు, సంతకం అన్నీ ఉంటాయి. ఏపీఐకి ఆ హంగులేవీ అక్కర్లేదు. అడిగింది మనిషి కాదు, ఇంకో సాఫ్ట్‌వేరు. దానికి కావలసినదల్లా వివరాలే.

మొదటిసారి నడిపి చూసినప్పుడు ఆమెకి ఒళ్ళు జలదరించింది. ఉత్తుత్తి రోగి ఒకరిని సృష్టించి ఆ నంబరుతో అడిగారు. నల్లటి తెర మీద పేరు, వయసు, ఫోను, పరీక్ష, ఫలితం బారుగా వచ్చి నిలబడ్డాయి. మనిషి లోపలి సంగతంతా నాలుగు వాక్యాల్లో, ఒంటి మీద నూలుపోగు లేకుండా.

"ఇది ఎవరడిగినా ఇచ్చేస్తుందా?"

"ఇవ్వదు. అందుకే కీ" అన్నాడు కొత్తాయన. ఒక్కో క్లినిక్కుకి ఒక్కో కీ. అదొక పొడుగాటి రహస్యపు మాట. అది చూపించకపోతే ఏపీఐ మొహాన తలుపేస్తుంది. చూపించినా ఆ క్లినిక్కు పంపిన రోగుల రిపోర్టులు మాత్రమే ఇస్తుంది. కీ లేకుండా అడిగి చూపించాడు. తలుపు పడింది. వేరే క్లినిక్కు రోగిని అడిగాడు. మళ్ళీ పడింది. పని తెలిసినవాడే అని లోలోపల ఒప్పుకోక తప్పలేదు ఆమెకి. పని తెలిసిన దొంగ ఇంకా ప్రమాదం.

మూడో వారంలో తలుపులన్నీ తోసుకుని వచ్చినట్టు వచ్చాడు ఒక రిటైర్డు లెక్కల మాస్టారు. కౌంటరు దగ్గర చేతికర్ర నేలకేసి కొట్టాడు.

"నిన్న సాయంత్రం నా రిపోర్టు వచ్చింది. నేను ఇంకా నా భార్యకే చెప్పలేదు. పొద్దున్నే ఎవడో ఫోను చేసి, మీకు షుగరు ఇంత ఉందట, మా పొడి వాడండి అంటాడు! అంకెతో సహా చెప్పాడు. నా రక్తం సంగతి వాడికెవడు చెప్పాడు?"

నాలుగు రోజుల్లో అలాంటివాళ్ళు ముగ్గురయ్యారు. ఒకామె ఏడ్చేసింది.

ఆమెకి ఇక ఆలోచించడానికేం కనబడలేదు. పన్నెండేళ్ళూ లేనిది, కొత్తాయన వచ్చిన మూడు వారాలకే వచ్చింది. నిప్పు లేనిదే పొగ రాదు. తెల్లకాగితం తీసుకుని ఫిర్యాదు రాసింది. ఫలానా రోజు తెర ఫొటో తీశాడు, ఫలానా రోజు పాస్‌వర్డు ఆరా తీశాడు, ఫలానా రోజు నవ్వాడు. నవ్వడం బాగోదని కొట్టేసి, మళ్ళీ శుభ్రంగా ఎత్తి రాసి డాక్టరమ్మకి ఇచ్చింది.

డాక్టరమ్మ రెండుసార్లు చదివింది. "తాడును చూసి పామనుకోవడం లేదు కదా? సోమవారానికల్లా రుజువు చూపించు. అప్పటిదాకా అతను కంప్యూటరు ముట్టుకోడు" అంది.

ఆ శుక్రవారమంతా కొత్తాయన రోగులు కూర్చునే బెంచీ మీద, ఉపవాసంతో పరీక్షకొచ్చిన వాళ్ళ మధ్య చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఆమె ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా తలెత్తి చూసేవాడు. ఆ చూపులో కోపం లేదు. తూకం వేస్తున్నట్టు ఉంది. దొంగకి ఆ చూపేమిటని ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది.

శనివారం మధ్యాహ్నం నమూనాల గది ఖాళీ అయ్యాక రుజువు వెతకడానికి కూర్చుంది. సర్వరు ఒక చిట్టా రాసుకుంటుంది. ఎవరు, ఏ నిమిషాన, ఏ పేజీ అడిగారో వరసగా. ఆరు నెలల చిట్టా ఉంటుంది. ముందు ఏపీఐ వరసలు తీసింది. అన్నీ కొత్తాయన బల్ల నుంచే. అడిగినవన్నీ ఉత్తుత్తి రోగులవే. నిజం రోగి ఒక్కరూ లేరు. ఎక్కడో దాచాడనుకుని మళ్ళీ వెతికింది. లేదు.

అప్పుడు రెండో కొస నుంచి మొదలుపెట్టింది. లెక్కల మాస్టారి రిపోర్టు నంబరు పట్టుకుని, దాన్ని ఎవరెవరు అడిగారో చూసింది. రెండు వరసలు. ఒకటి మాస్టారి ఇంటి నుంచి, లాగినయి. రెండోది బయట ఎక్కడి నుంచో, లాగిన్ కాకుండా. ప్రింటు పేజీ.

ఆ వరసకి పైన చూసింది. ముందు నంబరు. దానికి పైన ఇంకా ముందు నంబరు. రెండు సెకన్లకొకటి చొప్పున, మెట్లు దిగుతున్నట్టు. ఒక రోజు కాదు, వారంలో రెండు మూడు రోజులు. పోయిన నెలలోనూ ఉన్నాయి. అంతకు ముందు నెలలోనూ. చిట్టా మొదలైన మొదటి వారంలో కూడా ఉన్నాయి. కొత్తాయన ల్యాబులో కాలు పెట్టి అప్పటికి నాలుగు వారాలు కూడా కాలేదు. ఆ ఫోన్లు ఇంతకుముందూ ఎందరికో వచ్చే ఉంటాయి, ల్యాబుదాకా వచ్చి అడిగినవాళ్ళలో మాస్టారే మొదటివాడు.

ఆమె తన ఫోను తీసింది. లాగిన్ కాకుండా ప్రింటు పేజీ చిరునామా కొట్టి చివర ఒక నంబరు వేసింది. ఎవరిదో రిపోర్టు తెరుచుకుంది. పైన పేరు, వయసు, ఫోను నంబరు. చివరి అంకె మార్చింది. ఇంకొకరిది తెరుచుకుంది.

కోడు తెరిచి ప్రింటు పేజీ దగ్గరికి వెళ్ళింది. లాగినయ్యారో లేదో చూసే వాక్యం ముందు రెండు గీతలున్నాయి. అంటే ఆ వాక్యం పనిచేయదు. దాని పక్కనే చిన్న గమనిక: "తాత్కాలికం. సాయంత్రం తిరిగి పెట్టాలి." కింద తన పొడి అక్షరాలు. పదకొండేళ్ళ కిందటి తేదీ.

అప్పుడు జ్ఞాపకం వచ్చింది. ఒక ముసలి దంపతులు కౌంటరు దగ్గర నిలబడ్డారు. ఆపరేషను వేళకి రిపోర్టు కావాలి, లాగిన్ కావడం లేదు. ఆవిడ చేతులు వణుకుతున్నాయి. జాలిపడి, ఆ పూటకని ఆ ఒక్క తనిఖీ తీసేసింది. ఆ సాయంత్రం ఏమైందో, ఎందుకు మరిచిపోయిందో ఎంత తలుచుకున్నా తట్టలేదు. సొరుగుకీ డబ్బాకీ తాళాలు వేసుకుంటూ, పదకొండేళ్ళు వీధి తలుపు బార్లా తెరిచి పెట్టింది.

రెండు గీతలూ తీసేసింది. మళ్ళీ ఫోనులో కొట్టి చూసింది. "దయచేసి లాగిన్ అవండి" అని వచ్చింది. అంతా కలిపి నాలుగు నిమిషాల పని.

పని అయ్యాక ఆ గమనికనే చూస్తూ కూర్చుంది. గమనిక చెరిపేస్తే ఎవరికీ తెలియదు. చిట్టా తీసేస్తే అసలే తెలియదు. ఫిర్యాదు డాక్టరమ్మ దగ్గరే ఉంది. సోమవారం "రుజువు దొరకలేదు గానీ అనుమానం మాత్రం పోలేదు" అంటే చాలు, కొత్తాయన తనంతట తనే వెళ్ళిపోతాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు.

ఆదివారం భర్తకి చెప్పింది. ఆయన ఈసారి వేళాకోళమాడలేదు. భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇప్పుడెక్కడున్నాడా అబ్బాయి?"

"శుక్రవారమంతా బెంచీ మీద కూర్చున్నాడు."

"ఎవరైనా పలకరించారా?"

"లేదు" అంది.  చీటీలు అంటించేవాడి తప్పుకి వారం రోజులు తనని ఎవరూ పలకరించని గది గుర్తొచ్చింది. ఆ గదిలో ఇప్పుడు తను ఏ వైపున నిలబడి ఉందో కూడా కనబడింది.

"ఉద్యోగం పోతే?" అంది.

"పోతే కింద కొట్లో కూర్చుందువుగాని. నా సామాన్లకి తాళాలు సరిగ్గా పడటం లేదు" అన్నాడు ఆయన. ఏడవబోయినదల్లా నవ్వింది.

సోమవారం పొద్దున చిట్టా కాగితాలు, గమనిక ఉన్న పేజీ అచ్చు తీసుకుని డాక్టరమ్మ గదికి వెళ్ళింది. "అతన్ని కూడా పిలవండి. అతని ముందే చెప్పాలి" అంది. ఒక్క మాట దాచకుండా చెప్పింది. డాక్టరమ్మ మొహం ఎర్రబడుతూ వచ్చింది. కొత్తాయన మొహంలో మాత్రం ఆశ్చర్యం లేదు.

"మీకు తెలుసా?" అంది ఆమె, ఉన్నట్టుండి.

అతను ఫోను తీసి ఒక ఫొటో చూపించాడు. ఆమె తెర. అందులో ఆ రెండు గీతలు, ఆ గమనిక.

"మొదటి వారంలోనే, మీరు లేనప్పుడు ప్రింటు పేజీ తెరిచి చూశాను మేడం."

"మరి నాతో చెప్పలేదేం?"

అతను ఇబ్బందిగా కదిలాడు. "పదకొండేళ్ళు ఎవరూ మరిచిపోరనుకున్నాను. సర్వరు మీ ఒక్కరి చేతిలో ఉంది. తెర ఎవరినీ చూడనివ్వరు. ఏది అడిగినా ఎందుకంటారు. కావాలనే తెరిచి పెట్టారేమో, రిపోర్టులు మీరే బయటికి ఇస్తున్నారేమో అనుకున్నాను."

"నేనా!"

"నాకు మాత్రం ఎందుకు చెప్పలేదు?" అంది డాక్టరమ్మ.

అతను నేల చూపులు చూశాడు. "మీరూ కలిసి ఉంటే ఏం చేయాలో తెలియలేదండీ."

 డాక్టరమ్మ బల్ల మీద అరచేత్తో కొట్టింది. "బాగుంది! మూడు వారాలు నువ్వు ఆమెని కాపలా కాశావు, ఆమె నిన్ను కాపలా కాసింది. బయటివాడు హాయిగా వచ్చి పని చూసుకుపోయాడు. ఆ మాస్టారికి ఇద్దరిలో ఎవరు సమాధానం చెబుతారు?"

ఆమె చిట్టా కాగితాలు డాక్టరమ్మ ముందుకి జరిపింది.

"ఆ ఫిర్యాదు వెనక్కి ఇచ్చేయండి" అంది ఆమె.

"ఇవ్వను. ఫైల్లోనే ఉంటుంది. ఇప్పుడు చెప్పిందంతా రాసివ్వు. అదీ దాని పక్కనే ఉంటుంది" అంది డాక్టరమ్మ. ఉద్యోగం తీసేయలేదు గానీ, సర్వరు పాస్‌వర్డు ఇకమీదట ఒక్కరి చేతిలో ఉండకూడదంది. ఎవరు ఏది మార్చినా రెండోవారు చదివాకే పెట్టాలంది. పోలీసులకి కాగితం ఇచ్చారు. వాళ్ళు తీసుకున్నారు. ఆ బయటి చిరునామా ఎవరిదో మాత్రం ఈనాటికీ తేలలేదు.

మెట్ల దగ్గర ఆమె కొత్తాయన్ని ఆపింది. ఇరవై రెండేళ్ళుగా తను వినాలనుకున్న మాట తనే అనవలసి వచ్చింది.

"పొరబాటున మిమ్మల్ని అన్నాను. క్షమించండి."

"అయ్యో మేడం, నేనూ మిమ్మల్ని అనుకున్నాను కదా. చెల్లుకి చెల్లు."

"చెల్లదు. మీరు అనుకున్నారు. నేను రాసిచ్చాను" అంది ఆమె.

అతను రెండు మెట్లు దిగాడు. వెనక్కి తిరిగి "శుక్రవారం ఆ బెంచీ మీద నడుం పట్టేసింది. రోగులకి మంచి కుర్చీలు వేయించమని చెప్పాలి" అన్నాడు.

ఆ చిట్టా ప్రకారం బయటివాడు తెరిచిన రిపోర్టులు వెయ్యీ నూటముప్పై. అందరికీ ఫోను చేసి సంగతి చెప్పాలని డాక్టరమ్మ అంది. ఆమె తొమ్మిది రోజులు అదే పని మీద కూర్చుంది. కొందరు తిట్టారు. కొందరు ఏమీ అర్థంకాక "మళ్ళీ రక్తం ఇవ్వాలా?" అన్నారు. ఒక ముసలావిడ మాత్రం అంతా విని తాపీగా అడిగింది.

"నువ్వు ల్యాబు నుంచేనని నేనెట్లా నమ్మనమ్మా? మొన్న చేసినవాడూ ఇట్లాగే మర్యాదగా మాట్లాడాడు."

ఆ తొమ్మిది రోజుల్లో ఆమె మనసుకి మొదటిసారి హాయి అనిపించింది. "నమ్మకండి పిన్నిగారూ. ఫోను పెట్టేసి, మీ రసీదు మీద ఉన్న నంబరు చూసి మీరే చేయండి. ఎత్తేది నేనే" అంది.

ముసలావిడ నిజంగానే పెట్టేసి, అద్దాలు వెతుక్కుందో ఏమో, పావుగంటకి చేసింది. "ఆఁ, గొంతు అదే" అంది.

ఏపీఐ నెల ఆలస్యంగా మొదలైంది. ఈ మధ్యలో ఆమె పాత ప్రాజెక్టునంతా ఒక్కో పేజీ కొత్తాయనకి చదివి వినిపించింది. ఒక్క వాక్యం కదిలించనివ్వనన్న మనిషి పదిహేడు చోట్ల మార్పులకి ఒప్పుకుంది. తనిఖీని పేజీ పేజీకీ విడివిడిగా పెట్టడం మాని, పేజీ అయినా ఏపీఐ అయినా రిపోర్టు తీసే అసలు చోటే పెట్టారు. ఇక ఏ దారిన వచ్చినా అక్కడ ఆగి చూపించి వెళ్ళాల్సిందే.

మొదటి కీ చౌరస్తా దగ్గరి పిల్లల క్లినిక్కుకి ఇచ్చారు. ఇద్దరూ ఒకే తెర ముందు కూర్చుని చిట్టా చూస్తున్నారు. పదిన్నరకి మొదటి అడుగు పడింది. కీ సరిపోయింది, రిపోర్టు వెళ్ళింది. రెండోదీ వెళ్ళింది. మూడోదానికి తలుపు పడింది. కీ సరైనదే, అడిగిన రోగి మాత్రం వాళ్ళ క్లినిక్కు మనిషి కాదు.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"కీ ఆపేద్దామా?" అన్నాడు కొత్తాయన.

ఆమె చేయి అప్పటికే మీట దాకా వెళ్ళింది. అక్కడ ఆగింది. "ముందు అడుగుదాం" అని ఫోను అందుకుంది.

క్లినిక్కులో రిసెప్షన్ అమ్మాయి ఎత్తింది. కంగారుపడింది. చివరి అంకె ఆరుకి బదులు తొమ్మిది కొట్టానంది, కాగితం తలకిందులుగా పట్టుకున్నానంది. సరిచూసుకోమని చెప్పి ఆమె ఫోను పెట్టేసింది. సమయం, నంబరు, ఆ అమ్మాయి చెప్పిన కారణం తన పుస్తకంలో రాసుకుంది.

"నమ్మారా మేడం?" అన్నాడు కొత్తాయన.

"సగం" అంది ఆమె, చిట్టా మీద నుంచి చూపు తిప్పకుండా.